పెద్దమ్మ మోకాళ్లూ పరాయి దేశపు పిల్లా

మా పెద్దమ్మ రెండు మోకాళ్లూ అరిగిపోయాయని డాక్టరు చెప్పిన వారంలోనే, నాలుగేళ్లకోసారి వచ్చే పెద్ద ఆటల పోటీలు టీవీలో మొదలయ్యాయి. ఈ రెండింటికీ సంబంధం ఏమిటని అడక్కండి. మామూలు ఇళ్లలో ఏ సంబంధమూ ఉండదు. మా పెద్దమ్మ ఇంట్లో మాత్రం అవి ఎంతగా పెనవేసుకుపోయాయంటే, ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అన్నది చివరికి సముద్రాల అవతల బల్ల మీంచి గెంతే ఒక చిన్న పిల్ల నెత్తిన పడింది. పాపం ఆ పిల్లకు ఈ సంగతి ఇప్పటికీ తెలియదు.

తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోయే రోడ్డు మీద నాకు రొయ్యల మేత అమ్మే కొట్టు ఉంది. కాపురం నెల్లూరులో. మధ్యాహ్నం తిండికి అంత దూరం పోయి రావడం దండగ కాబట్టి కొట్టుకు దగ్గర్లో ఉన్న పెద్దమ్మ ఇంట్లోనే తింటాను. మా అమ్మకు అక్క ఆమె. ఆమెకూ పెదనాన్నకూ పిల్లలు లేరు. అందుకని కరెంటు బిల్లు కట్టడం దగ్గర నుంచి ఆసుపత్రికి తీసుకుపోవడం దాకా అన్నీ నా మీదే పడతాయి. తిన్న అన్నానికి ఆ మాత్రం చెయ్యక తప్పదు.

పెద్దమ్మ మా క్రైస్తవ సంఘంలో స్త్రీల సమాజానికి పెద్ద. ఆమె ప్రార్థనంటే చుట్టుపక్కల ఊళ్లలో గొప్ప గురి. కొంగు తల మీదికి లాక్కుని, చాప కూడా వేసుకోకుండా ఉత్త గచ్చు మీద మోకరించి మొదలుపెడితే, ఊళ్లో పిల్లల పరీక్షల దగ్గర నుంచి పక్కింటి గేదె ఈత దాకా ఒక్కటీ వదలదు. గుంటలో సీడు, అంటే రొయ్య పిల్లల్ని, వదిలేముందు హిందువులు కూడా వచ్చి ఆమె చేత ప్రార్థన చేయించుకుని పోతారు. పంట బాగా వస్తే ఆమె ప్రార్థన, పోతే నా మేత.

నెల్లూరులో డాక్టరు ఎక్స్‌రే చూసి, రెండు మోకాళ్లూ మార్చాల్సిందే అన్నాడు. మార్చకపోతే ఇవాళ కర్ర, రేపు మంచం అన్నాడు. పెద్దమ్మ అంతా విని ఒక్కటే అడిగింది, కొత్త మోకాళ్లతో మోకరించవచ్చా అని. అది మంచిది కాదమ్మా, కుర్చీలో కూర్చుని ప్రార్థన చేసుకోండి, దేవుడు వింటాడు అన్నాడాయన నవ్వుతూ. పెద్దమ్మ నవ్వలేదు.

"ఆయన వింటాడయ్యా. కుర్చీలో కూర్చోని అడిగే అలవాటు నాకు లేదు గదా" అంది.

తిరిగి వస్తూ కారులో నా దగ్గర మాట తీసుకుంది, ఈ మోకరించకూడదన్న సంగతి పెదనాన్నకు చెప్పకూడదని. చెబితే ఆయన దీన్ని తేలిగ్గా తీసేస్తాడట. నడక కావాలంటే మోకరించడం పోతుంది, మోకరించడం కావాలంటే నడక పోతుంది. ఊరంతా ఆమె కత్తికి భయపడుతోందని అనుకున్నారు. అసలు సంగతి నాకొక్కడికే తెలుసు. రెండు వారాలు ఆగి వచ్చే సోమవారం లోపల అవునో కాదో చెప్పమన్నారు ఆసుపత్రి వాళ్లు.

ఇక పోటీల సంగతి. అవి ఆ ఏడు తూర్పున ఎక్కడో జరిగాయి. అక్కడ సాయంత్రమైతే మనకు మధ్యాహ్నం, అంటే సరిగ్గా నా భోజనం వేళ. పెదనాన్న సర్వే శాఖలో గొలుసు పట్టుకుని జిల్లా అంతా కొలిచి రిటైరైన మనిషి. కొలతకు అందనిది ఏదీ ఆయనకు నచ్చదు. పరుగులు, గెంతులు, ఈటె విసరడం, గుండు విసరడం, ఇట్లా గడియారమో టేపో తేల్చేవే ఆయన లెక్కలో ఆటలు. జిమ్నాస్టిక్స్ మొదలైతే చానెల్ మార్చేవాడు. బల్లల వెనక కూర్చుని నలుగురు మార్కులు వేసేది ఆట ఎట్లా అవుతుంది, అది పెళ్లిచూపులు అనేవాడు.

పెద్దమ్మకు ఆ పెళ్లిచూపులే ఇష్టం. స్త్రీల సమాజం ఆడవాళ్లందరిదీ అదే దారి. గురువారం ప్రార్థన కూడికకు మాత్రమే వచ్చేవాళ్లు ఆ పదిహేను రోజులూ రోజూ మధ్యాహ్నం వచ్చి చాపలు పరుచుకుని కూర్చునేవాళ్లు. వాళ్లకు నాయకురాలు పక్కింటి టీచరమ్మ. బళ్లో పాఠాలు చెప్పి రిటైరైనా, చెప్పడం మానలేదు. ఫోన్లో చూసి నియమాలన్నీ చదివి వినిపించేది.

వాళ్ల చర్చలు వింటూ అన్నం తినడం ఒక శిక్ష. చేతులకు ఆ తెల్ల పొడి ఎందుకు రాసుకుంటారన్న దాని మీద ఒక పూట గడిచింది. ముగ్గుపిండని ఒకరు, పౌడరని ఒకరు. అంత పొడి రాసుకుని చేతులు దులిపేస్తున్నారే అని అందరూ బాధపడ్డారు. సన్నటి దూలం మీద ఆడపిల్లలు పల్టీలు కొడుతుంటే, రోజూ మేత బస్తా నెత్తిన పెట్టుకుని గుంట గట్టు మీద నడిచే ఒకావిడ పెదవి విరిచింది. వానలు పడ్డప్పుడు వచ్చి మా గట్టు మీద నడవమను, అప్పుడు మార్కులేస్తా అంది. పెదనాన్న కూడా తక్కువ తినలేదు. అడ్డంకుల పరుగులో ఆటగాళ్లు నీళ్ల గుంటలోకి దూకుతుంటే నా వైపు తిరిగి, అవి ఉప్పు నీళ్లా మంచి నీళ్లా అని అడిగాడు. మంచి నీళ్లే అన్నాను. నాకు తెలిసి కాదు, చెప్పకపోతే ఊరుకోడు కనక.

ఆ పిల్ల కనపడింది ఒక బుధవారం. పరిగెత్తుకుంటూ వచ్చి బల్ల మీద చేతులు ఆనించి గాల్లో తిరిగి అవతల దిగే ఆట అది. దాన్ని వాల్ట్ అంటారని టీచరమ్మ చెప్పింది. పిల్లది ఏ దేశమో ఎవరికీ తెలియలేదు. జెండాలో మూడు రంగులున్నాయి, ఆ మాటకొస్తే సగం ప్రపంచానికి అట్లాంటి జెండాలే. కుడి మోకాలికి పెద్ద కట్టు ఉంది. గాల్లో తిరిగి దిగింది, నిలబడింది, చేతులెత్తి నవ్వింది. తర్వాత పక్కకు పోయి కూర్చుని, ఎవరూ చూడటం లేదనుకుని, మోకాలు మెల్లగా రుద్దుకుంది. కెమెరా చూస్తూనే ఉంది. నేను పెద్దమ్మ వైపు చూశాను. ఆమె కూడా తన మోకాలు అట్లాగే రుద్దుకుంటోంది.

ఆ పిల్ల మళ్లీ ఎప్పుడు గెంతుతుందని అడిగింది. ఆదివారం మధ్యాహ్నం, ఫైనల్లో అని చెప్పింది టీచరమ్మ.

మర్నాడు గురువారం కూడికలో అందరూ తమ ప్రార్థన అంశాలు చెప్పుకున్నారు. ఒకరికి కొడుకు ఉద్యోగం, ఒకరికి గుంటలో తెల్లమచ్చ తెగులు. చివర పెద్దమ్మ చెప్పింది. బైబిల్లో భక్తుడొకడు కళ్లంలో గొర్రె బొచ్చు పరిచి దేవుణ్ణి గుర్తు అడిగాడు కదా, తనూ గుర్తు అడుగుతానంది. మా వాళ్లలో ఇది కొత్త కాదు. పెళ్లి సంబంధాలకూ, పొలం కొనడానికీ గుర్తు అడిగిన వాళ్లున్నారు. అయితే ఎవరూ ఇంత దూరం పోలేదు.

"ఆదివారం ఆ కట్టు పిల్ల గెంతి రెండు కాళ్ల మీద నిలబడిందా, నేను ఆపరేషనుకి పోతా. పడిందా, పోను. ఆయన ఎట్ట చెప్తే అట్ట."

ఆ క్షణం నుంచి మా ఊళ్లో ఆడవాళ్లందరూ ఆ పిల్ల అభిమానులైపోయారు. పెద్దమ్మ నడవాలని అందరికీ ఉంది, కాబట్టి పిల్ల నిలబడాలి. పిల్ల నిలబడాలంటే దాని కట్టు జారకూడదు, రాత్రి నిద్ర పట్టాలి, పొడి బాగా అంటుకోవాలి. ఒక్కోదానికీ విడివిడిగా ప్రార్థన చేశారు. మధ్యలో ఒక కోడలు పిల్లకు అనుమానం వచ్చింది. మన పిల్ల గెలిస్తే వేరేవాళ్ల పిల్లలు ఓడిపోతారు కదా, వాళ్ల కోసం వాళ్ల ఊళ్లో కూడా ఇట్లాగే ఎవరైనా ప్రార్థన చేస్తుంటే దేవుడు ఎవరి మాట వినాలి అని. మనం నిలబడమని అడుగుతున్నాం గానీ గెలవమని అడగడం లేదని టీచరమ్మ సర్దింది. ఆ కోడలు ఒప్పుకోక పాస్టరుగారి దగ్గరికే పోయి అడిగింది. దేవుడు పతకాల సంగతి చూడడమ్మా అని ఆయన చాలాసేపు వివరించి, ఇంతకీ ఏ చానెల్ అని అడిగాడట.

పెదనాన్నకు ఒళ్లు మండింది. ఆపరేషన్ చేయించుకోమని డాక్టరు చెప్పిన రోజు నుంచీ బతిమాలుతున్నాడు. పొద్దున్నే లేచి ఆమెను కుర్చీ దాకా నడిపించేదీ, నీళ్లు తోడి పెట్టేదీ ఆయనే. అట్లాంటిది ఒక టేపు లేదు, గడియారం లేదు, ఎవరో కోటు వేసుకున్నవాళ్లు మార్కులేసే ఆటను దేవుడి గుర్తుగా పెట్టుకుందని ఆయన బాధ.

"నీకూ దేవుడికీ మధ్యలో జడ్జీలేందే?" అన్నాడు. "మధ్యవర్తి అక్కర్లేదనే గదా మన పెద్దోళ్లు ఈ సంఘంలో చేరింది."



నడక గురించి అడగాలంటే నడకనే అడగాలి అన్నాడు పెదనాన్న. శుక్రవారం మధ్యాహ్నం నడక పందెం ఉంది. ఎవడు ముందొస్తే వాడు, గడియారం చెబుతుంది, ఎవడి దయా అక్కర్లేదు. ఆయన మీసాలున్న ఒక పొడుగాటి మనిషిని ఎంచుకున్నాడు. ఈయన గమ్యం చేరితే నువ్వు ఆసుపత్రికి పోవాలి అన్నాడు. పెద్దమ్మ ఒప్పుకోనూ లేదు, కాదనీ అనలేదు. సరే, చూద్దాం అంది.

నడక పందెం ఎప్పుడైనా చూశారా? నడుము అటూ ఇటూ ఊపుకుంటూ, పరిగెత్తాలని ఉన్నా ఎవరో వద్దన్నట్టు నడుస్తారు. మా ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. పిలిస్తే బస్సు ఆగదేమో, పరిగెత్తితే జనం నవ్వుతారేమో అన్నట్టు పోతున్నారే అంది గట్టు మీద నడిచే ఆవిడ. పెదనాన్న ఎవరినీ పట్టించుకోలేదు. మీసాల మనిషి ముందున్నాడు. పెదనాన్న కుర్చీ అంచుకు జరిగి, కూర్చునే ఆయనతో పాటు నడవడం మొదలుపెట్టాడు. గంట సేపు అట్లా ఇద్దరూ నడిచారు. ఇంకాసేపట్లో అయిపోతుందనగా రోడ్డు పక్క నుంచి టోపీ పెట్టుకున్న ఒకతను వచ్చి ఎర్ర అట్ట చూపించాడు. మీసాల మనిషి ఆగిపోయి, తల పట్టుకుని, పక్కకు తప్పుకున్నాడు.

ఎవడు వాడు అన్నాడు పెదనాన్న. జడ్జి అంది టీచరమ్మ. ఆ మాట ఆమె వీలైనంత మెల్లగానే అంది, అయినా గదిలో బాగా వినపడింది. ఫోన్లో చూసి నియమం చదివింది. ఒక కాలు ఎప్పుడూ నేల మీద ఉండాలి. ముందుకు వేసిన కాలు నేలను తాకినప్పుడు మోకాలు వంగకూడదు. ఇతను వంచాడు.

పెదనాన్న లేచి టీవీ ఆపేశాడు. కరెంటు పోయింది అన్నాడు. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. పెద్దమ్మ, మోకాలు వంచినందుకా అతన్ని నడవనీకుండా పంపించేసింది అని అడిగింది. అవునంది టీచరమ్మ. పెద్దమ్మ ఎందుకు అడిగిందో మిగతావాళ్లకు అర్థం కాలేదు. నేను కంచం పక్కన పెట్టేశాను.

శనివారం ఇంకో తగాదా వచ్చింది. నిలబడటమంటే ఏమిటి? దిగాక ఒక అడుగు పక్కకు వేస్తే మార్కులు తగ్గిస్తారట. మార్కులు తగ్గితే దేవుడి లెక్కలో నిలబడినట్టా, లేనట్టా? చెయ్యి నేలకు ఆనితే? ఒక అడుగు దాకా పరవాలేదని కొందరు, అడుగు వేస్తే తడబడినట్టేనని కొందరు. అసలు మనిషన్నవాళ్లు అడుగు వేయకుండా దిగగలరా అని ఎవరో అన్నారు. ఆ మాట పట్టుకుని టీచరమ్మ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని వరండా అరుగెక్కింది. ఆమె వయసు అరవై దాటింది. ఆపే లోపలే దూకేసింది. మూడడుగులు ముందుకు పోయి మునగ చెట్టును కావలించుకుంది.

ఆ తర్వాత సమాజం మొత్తం ఒకరి తర్వాత ఒకరు అరుగు మీద నుంచి దూకారు. నేను నా కళ్లతో చూశాను కాబట్టి చెబుతున్నాను, లేకపోతే నేనే నమ్మను. ఒక్కరు తప్ప ఎవరూ దిగిన చోట ఆగలేదు, అందరూ ఒకటో రెండో అడుగులు వేశారు. జరిగే పని ఏదైనా సరే, కొలవకుండా చూస్తూ కూర్చోలేని పెదనాన్న లోపలికి పోయి టేపు తెచ్చాడు. సుద్దముక్కతో గీత గీసి, ఎవరు ఎంత జరిగారో అరిచి చెప్పడం మొదలుపెట్టాడు. గట్టు మీద నడిచే ఆవిడ ఒక్కతే దిగిన చోట దిగినట్టు మేకులా నిలబడింది. అయితే పెదనాన్న టేపు మీద దిగింది. చెల్లదన్నాడు ఆయన. దాని మీద మళ్లీ గొడవ.

సరిగ్గా అప్పుడే పాస్టరుగారు మోటారు సైకిలు దిగి గేటు తీసుకుని వచ్చాడు. కోడలు పిల్ల గాల్లో ఉండగానే ఆయనకు వందనాలు అంది. ఆయన విషయం కనుక్కుని, ఇదంతా తగదమ్మా అన్నాడు. ఒకసారి మీరూ దూకి చూడండయ్యగారూ, తెలుస్తుంది అన్నారు వాళ్లు. ఆయన చెప్పులు విడిచి, చుట్టూ చూసి, రోడ్డు మీద ఎవరూ లేరని రూఢి చేసుకుని దూకాడు. నాకు తెలిసి ఆ రోజు అందరికన్నా ఎక్కువ దూరం పోయింది ఆయనే.

పెద్దమ్మ గుమ్మంలో కుర్చీలో కూర్చుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుని, ఆ తర్వాత అరుగు వైపే చూస్తూ ఉండిపోయింది. ఆదివారాలు ఆమెను గుడికి తీసుకుపోవాలంటే ఆ అరుగు మెట్లు పెదనాన్న ఒకవైపు, నేను ఒకవైపు పట్టుకుని దింపాలి. ఒక్క అడుగు వరకు పరవాలేదని అందరూ తీర్మానించి వచ్చి చెబితే ఆమె కుదరదంది.

"అడుగులకి బేరమాడబాకండి. పిల్ల నిలబడిందో లేదో చూస్తే నాకు తెలీదా? నేనే చూస్తా" అంది.

ఆదివారం గుడి అయ్యాక ఎవరూ తమ ఇళ్లకు పోలేదు. అందరూ ఇక్కడికే వచ్చారు. పాస్టరుగారు వచ్చాడు, తలనొప్పి మాత్ర వేసుకోవడానికి అన్నాడు. పెదనాన్న పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని చదువుతున్నట్టు కూర్చున్నాడు. ఆ పేపరు ఎంతసేపటికీ తిరగలేదు. పెద్దమ్మ కుర్చీ టీవీకి ఎదురుగా వేశాం. ఆమె కర్ర పక్కన పెట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, డాక్టరు గది బయట కూర్చున్నట్టు కూర్చుంది.

ఒకరి తర్వాత ఒకరు గెంతారు. ఒకమ్మాయి పడింది. అందరూ అయ్యో అన్నారు, కోడలు పిల్ల ఏడ్చినంత పని చేసింది. తర్వాత కట్టు పిల్ల వచ్చింది. చేతులకు పొడి రాసుకుంది. పరుగు మొదలుపెట్టే చోట నిలబడి, చెయ్యి పైకెత్తింది.

వీధిలో ఎవరో అరిచారు, రాకెట్టు, రాకెట్టు అని.

ఇక్కడ మా వైపు సంగతి ఒకటి చెప్పాలి. శ్రీహరికోటలో రాకెట్టు లేచిందంటే మేము బయటికి పరిగెత్తుతాం. అన్నం తింటుంటే ఎంగిలి చేత్తో, స్నానం చేస్తుంటే తువ్వాలుతో. పుట్టినప్పటి నుంచి ఎన్నో చూశాం, చూసినవన్నీ ఒకటే, దక్షిణాన ఒక మంట, వెనక తెల్లటి గీత. అయినా పరిగెత్తుతాం. ఇది ఆలోచించి చేసే పని కాదు, కాళ్లు చేసే పని. అందరికంటే ముందు పాస్టరుగారు పోయాడు. వెనక టీచరమ్మ, గట్టు ఆవిడ, కోడలు పిల్ల, పేపరు చేత్తో పట్టుకునే పెదనాన్న, ఆయన వెనక నేను. చెప్పులు ఎవరివి ఎవరు తొడుక్కున్నారో తెలియదు. వీధిలో నిలబడి, చేతులు కళ్లకు అడ్డం పెట్టుకుని, ఆ నిప్పు మబ్బుల్లోకి పోయేదాకా చూశాం. ఇది పెద్దదా చిన్నదా అని వాదించుకున్నాం. దాని నుంచి ఒక ముక్క విడిపోయిందని పెదనాన్న, విడిపోలేదని పాస్టరుగారు. అప్పుడు టీచరమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది.

అందరం లోపలికి పరిగెత్తాం. టీవీలో వేరే పిల్ల, వేరే రంగు బట్టలు. చప్పట్లు మోగుతున్నాయి, ఎవరికో తెలియదు. పెద్దమ్మ కుర్చీలో సరిగా కూర్చుని లేదు. ఒక చెయ్యి కుర్చీ చేతి మీద, ఇంకో చెయ్యి కిటికీ ఊచ మీద. సగం లేచి, అట్లాగే ఆగిపోయి ఉంది. కర్ర నేల మీద పడి ఉంది. ఆమె మొహం టీవీ వైపు లేదు, గుమ్మం వైపు ఉంది. నేనూ పెదనాన్నా పోయి మెల్లగా కూర్చోబెట్టాం.

నిలబడిందా అని నలుగురూ ఒకేసారి అడిగారు.

"నేను చూడలా" అంది పెద్దమ్మ.

టీచరమ్మ కింద పడ్డ కర్ర తీసి ఆమె కుర్చీకి ఆనించింది.

"మీరందరూ పోతే నాకూ పోవాలనిపించింది. లేచినా. సగంలో నిలబడిపోయినా. రాకెట్టూ చూడలా, పిల్లనీ చూడలా."

టీచరమ్మ ఫోను తీసింది, ఇప్పుడే కనుక్కుంటానని. పెద్దమ్మ వద్దంది. గుర్తు అడిగినదాన్ని నేనే వీధి వైపు తిరిగితే ఇంకా ఆయన్ని ఏమని అడగను, నా మోకాళ్లు నాకు జవాబు చెప్పేసినాయి అంది. ఆ తర్వాత పెదనాన్నతో, అందరి ముందూ, ఇన్నాళ్లూ నేను దాచిన మాట చెప్పేసింది.

"ఆపరేషను అయితే ఇంక మోకరించగూడదంట. డాక్టరు చెప్పినాడు. నాకు కత్తంటే బయం లేదయ్యా. దేవుడి ముందర ఇంక ఎట్ట పోయేదా అని."

పెదనాన్న నా వైపు చూశాడు. నాకు ముందే తెలుసని ఆ చూపులోనే పట్టేశాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. ఆయన చేతిలో పేపరు ఇంకా అట్లాగే ఉంది. దాన్ని మడిచాడు, మళ్లీ మడిచాడు, ఇక మడవడానికి వీల్లేకుండా అయ్యేదాకా మడిచాడు. ఆయన జీవితంలో ఎప్పుడూ మోకరించలేదు. కూడిక జరుగుతుంటే వంటింట్లో టీ పెట్టేవాడు. గుడిలో ప్రార్థనప్పుడు వెనక బెంచీలో తల వంచుకుని కూర్చునేవాడు. ఆ ఇంటి తరఫున అడిగేదంతా ఆమే అడిగింది.

"నేను మోకరిస్తా" అన్నాడు. "నువ్వు కుర్చీలో కూర్చోని చెప్పు."

పెద్దమ్మ ఆయన మొహంలోకి చూసింది, నిజంగానే అంటున్నాడా అని. తర్వాత కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆమె ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. మా ఆడవాళ్లూ ఏడ్చారు, పాస్టరుగారు తలనొప్పి మాత్ర వేసుకోకుండానే వెళ్లిపోయాడు. సోమవారం పొద్దున్నే నేను ఆసుపత్రికి ఫోను చేసి వస్తున్నామని చెప్పాను. ఆ పిల్ల నిలబడిందో పడిందో నాకు తెలుసు, ఆ సాయంత్రమే చూశాను. ఇంతవరకు ఎవరూ నన్ను అడగలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. ఇంటికొచ్చి, వ్యాయామాలు చేయించే అమ్మాయిని తిట్టుకుంటూ తిట్టుకుంటూ, కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టాక, ఒక గురువారం పెద్దమ్మ మళ్లీ కూడిక పెట్టింది. గది నిండిపోయింది. పెదనాన్న కొత్త పంచె కట్టుకుని వచ్చి, చాప వేసుకోనా అని అడిగాడు. వద్దంది పెద్దమ్మ. ఆయన గోడ పట్టుకుని, ఒక మోకాలు, తర్వాత రెండో మోకాలు గచ్చు మీద ఆనించి, కళ్లు మూసుకున్నాడు. ఆమె కుర్చీలో కూర్చుని కొంగు తల మీదికి లాక్కుంది.

ఆ రోజు ఆమె దేన్నీ తొందరగా ముగించలేదు. ఊళ్లో పరీక్షలు, గేదెలు, గుంటలు, తెల్లమచ్చ, నెల్లూరు డాక్టరు, ఆయన కాంపౌండరు, అందరి కోసం అడిగింది. పెదనాన్న మొదట నిటారుగా ఉన్నాడు, తర్వాత ఊగడం మొదలుపెట్టాడు, తర్వాత ఒక చెయ్యి నేలకు ఆనించాడు. ఎవరైనా ఆమెన్ అంటారేమోనని ఒక కన్ను తెరిచి చూశాడు. నేను కూడా తెరిచే ఉన్నాను కాబట్టి చూశాను. ఆయన మాత్రం లేవలేదు.

చివరికి ఆమెన్ అయింది. అందరూ లేచారు. పెదనాన్నకు లేవడం రాలేదు. కాళ్లు తిమ్మిరెక్కి, గోడ అందక, చేతులు ఆనించుకుని అట్లాగే ఉండిపోయాడు. నేను ముందుకు పోబోతే పెద్దమ్మ చెయ్యెత్తి ఆపింది. కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. కర్ర వైపు చూసి, తీసుకోలేదు. గచ్చు మీద మెల్లగా, ఒక్కో అడుగూ చూసుకుంటూ ఆయన దగ్గరికి నడిచింది. వంగలేదు. చెయ్యి మాత్రం కిందికి చాపింది.

"లెయ్యి" అంది. "నేను నిలబడుండా గదా."